ఆఖరి పేజీలో నాన్న

పిల్లల కోసం రాయాలనీ బొమ్మలు వేయాలనీ ఉత్సాహపడే కుర్రవాళ్లు అప్పుడప్పుడూ గుణదలలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. కాఫీ తాగి, మొహమాటం కాస్త తగ్గాక, చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు: మీరు పనిచేసిన పుస్తకాల్లో మీకు బాగా ఇష్టమైనది ఏదండీ అని. వరిగడ్డితో జరీ నేసిన అమ్మాయి కథ అంటాను. వాళ్ల మొహాలు విప్పారతాయి. అది మా ఇంట్లో కూడా ఉందండీ, చివర్లో వాళ్ల నాన్న లోపలికొచ్చి కూతురి పక్కన కూర్చుని నవ్వుతాడు కదా అంటారు.

వాళ్లింట్లో ఉన్నది రెండో ముద్రణ. నాకు ఇష్టమైనది మొదటిది. రెండింటికీ తేడా ఒక్క పేజీ. ఆ పేజీ ఎందుకు మారిందో, మారాక ఏమైందో ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు తెలిస్తే మంచిదనిపించి ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆ మనుషులను మళ్లీ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఏలూరు రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది మా ప్రచురణ సంస్థ. కింద గోడౌను, పైన ఆఫీసు. మాకు అన్నం పెట్టింది పదో తరగతి గైడ్లు, మోడల్ పేపర్లు. నేను తెలుగు చూసేదాన్ని. అంటే సంధులకూ సమాసాలకూ ఇచ్చిన జవాబుల్లో అచ్చుతప్పులు దిద్దుతూ వయసు గడిపేశాను. మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. ఒకసారి ఆయన ఢిల్లీలో పుస్తకాల ప్రదర్శనకు వెళ్లి, నున్నటి కాగితం మీద అచ్చయిన విదేశీ బొమ్మల పుస్తకాలు ఒక సంచీ నిండా తెచ్చి నా బల్ల మీద పోశారు. అన్నీ పాత జానపద కథలే. రాజులు, కోటలు, అడవులు, తోడేళ్లు.

"మేడమ్, ఈ కథలు మన పిల్లలకి ఎలాగూ ఇంగ్లీషులో చెబుతున్నారు. మంచు తీసేసి బందరు కాలువ పెట్టండి. కోట తీసేసి ఏం పెడతారో మీ ఇష్టం" అన్నారు.

బొమ్మల పుస్తకాల గురించి నాకందిన ఆదేశం మొత్తం అంతే.

అలా మొదలుపెట్టాం. అమ్మమ్మకు క్యారేజీ తీసుకెళ్లే పిల్ల కథను ఆటోనగర్‌లో పెట్టాం. అడవికి బదులు లారీ షెడ్లు, అమ్మమ్మకు టీకొట్టు. తోడేలును ఏం చేయాలో తోచక చాలా రోజులు కొట్టుకున్నాం. ఆఖరికి దాన్ని తోడేలుగానే ఉంచి, పాత లారీ బాడీ ఒకదాని కింద కాపురం పెట్టించాం. పుస్తకం బైండింగులో ఒక ఫారం, అంటే కొన్ని పేజీల కట్ట, ముందువెనకలైంది. దాంతో కొన్ని కాపీల్లో తోడేలు చచ్చిపోయిన తర్వాత తీరిగ్గా లేచొచ్చి అమ్మమ్మను మింగింది. అమ్ముడైన కాపీలన్నీ వెనక్కి వస్తాయని హడలిపోయాం. ఒక స్కూలు వాళ్లు మాత్రం ఫోను చేసి, ఆ రకం కాపీలే ఇంకొన్ని దొరుకుతాయా అని అడిగారు. పిల్లలకు అవే నచ్చాయట.

కంప్యూటర్లో పేజీలు కట్టే ఆవిడది నా పక్క సీటు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందు ప్రతిసారీ కంప్యూటర్ మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ప్రార్థన చేసినా తప్పులు వస్తున్నాయేమిటి అని నేను అంటే, నేను అమ్మకాల కోసం చేస్తున్నానండీ, తప్పుల సంగతి మీరు చూసుకోవాలి అనేది. అలాంటి ఆఫీసు మాది. పెద్ద ఆశయాలతో ఎవరమూ అక్కడ చేరలేదు. కానీ ఆ బొమ్మల పుస్తకాలు మొదలయ్యాక పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాలనిపించేది. గైడ్లు దిద్దిన అన్నేళ్లలోనూ నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. బందరు వైపు ఒక నేత ఊరు వాళ్లది. పాతికేళ్ల లోపే ఉంటాయి. అద్దకం బట్టల వాళ్లకు డిజైన్లు గీసి ఇస్తూ, విజయవాడలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిన బొమ్మలు నా బల్ల మీద పరిచి, చివర్లు మడతపడకుండా నా పేపర్ వెయిట్లే తీసి పెట్టింది. ఎక్కువ మాట్లాడలేదు. అన్నీ చేతుల బొమ్మలు. పిండి కలుపుతున్న చేతులు, సైకిల్ చెయిన్ ఎక్కిస్తున్న చేతులు, బస్సులో కమ్మీ పట్టుకున్న చేతులు. ముందు చేతులు వేసి, మనిషిని ఆ తర్వాత వేస్తానని చెప్పింది. మొహం అన్నిటికంటే ఆఖరున.

నా దగ్గరున్న కథలన్నీ ఆమెకు వరసగా చెప్పాను, ఏది నచ్చితే అది తీసుకోమన్నాను. గడ్డిని బంగారం చేయాల్సి వచ్చిన పిల్ల కథ దగ్గర ఆపింది. మీకు తెలిసే ఉంటుంది. ఒకతను గొప్పకోసం రాజు దగ్గరకెళ్లి మా అమ్మాయి గడ్డితో బంగారం వడుకుతుంది అంటాడు. రాజు ఆ పిల్లను గడ్డి నింపిన గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఎక్కడి నుంచో ఒక పొట్టివాడు వచ్చి సాయం చేస్తాడు, చేసినందుకు ప్రతిసారీ ఏదో ఒకటి అడుగుతాడు. ఆఖరికి వాడి పేరు కనుక్కుంటేనే ఆమెకు విడుదల.

"ఇది మా ఊరి కథే మేడమ్" అంది.

అప్పట్లో ఆ మాటను నేను ఒక మెచ్చుకోలుగా తీసుకున్నాను. మా పుస్తకంలో ఆ తండ్రి నేతపనివాడు. రాజుకు బదులు ఊళ్లో చీరలు కొనే షావుకారు. వరిగడ్డిని పేకగా, అడ్డపోగుగా వేసి మా పాప నేస్తే అది జరీ అవుతుందండి, అని తండ్రి షావుకారు అరుగు మీద కూర్చుని చెబుతాడు. పొట్టివాడు గడ్డివాములోంచి వస్తాడు. మొదట చెవి కమ్మలు అడుగుతాడు, తర్వాత కాళ్ల పట్టీలు. మూడోసారి, ఇక మీదట నువ్వు నేసేదంతా నాదే అంటాడు. కాలువ గట్టు మీద వాడు తన పేరు తానే పాడుకుంటుంటే ఆ పిల్ల విని, వాడి ఎదుట ఆ పేరు చెప్పి, ఇంటికి తిరిగి వచ్చేస్తుంది. నేను రాసింది అంతవరకే. అది చదివి ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది: వాళ్ల నాన్న ఏమయ్యాడు మేడమ్ అని.

పాత కథలో లేడు కదా అన్నాను. నిజమే, పాత కథలో ఆ తండ్రి మొదటి పేజీలో గొప్పలు చెప్పి మాయమైపోతాడు. అంతా అతని మాట వల్లే జరిగినా, మళ్లీ అతన్ని ఎవరూ పిలవరు, ఏమీ అడగరు. నేను చాలాసార్లు చదివిన కథే అయినా ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. పేజీలు ఎక్కువైపోతాయని వాదించాను. ఆమె తగ్గలేదు. నాన్న మళ్లీ రావాలి అంటుంది, వచ్చి ఏం చేయాలంటే చెప్పదు.

ఇద్దరం తేల్చుకోలేక, బొమ్మల నమూనాలు పట్టుకుని మా ఇంటి దగ్గరున్న స్కూల్లో మూడో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించాం. పొట్టివాడి పాట దగ్గర పకపకా నవ్వారు. కథ అయిపోయింది అన్నాక ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తి, "ఆ అమ్మాయి ఇంటికెళ్లాక వాళ్ల నాన్నని ఏమీ అనలేదా మిస్?" అని అడిగింది. మా బొమ్మలమ్మాయి నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు. బయటికొచ్చి ఆటో ఎక్కాక, సరే ఇంకో పేజీ వెయ్యి అన్నాను.

ఆ పేజీ కోసం ఆమె చాలా రోజులు తీసుకుంది. తెచ్చి ఇచ్చినప్పుడు పేజీలు కట్టే ఆవిడా నేనూ పక్కపక్కన నిలబడి చూశాం. పొద్దుటి వెలుగు. చిలకపచ్చ రంగు తలుపు, ఒక రెక్క తీసి ఉంది. లోపల గుంట మగ్గం దగ్గర కూతురు తల వంచుకుని నేస్తోంది. ఈసారి మగ్గం మీద ఉన్నది మామూలు నూలు. గుమ్మం బయట తండ్రి నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, కళ్లజోడుకు ఒక పక్క కాడ లేక దారం కట్టి ఉంటుంది. చెప్పులు విడిచాడు గానీ లోపలికి రాలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, అందువల్ల ఆమె ఎప్పుడూ అంత ఇష్టంగా వేసే చేతులు ఆ ఒక్క బొమ్మలో కనబడవు. ఆ పేజీకి నేను మాటలు రాయలేదు. రాయాలని కూర్చుని, మానేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అని ఇప్పటికీ అనుకుంటాను.

పుస్తకం బాగా పోయింది. జనవరిలో పుస్తకాల ప్రదర్శనలో మా స్టాలు ముందు తల్లులు నిలబడి ఆఖరి పేజీ చూసి, ఒక నిమిషం ఆగి, కొనుక్కుని వెళ్లేవాళ్లు. చాలా స్కూళ్ల లైబ్రరీలు తీసుకున్నాయి. ఆ అమ్మాయి వాళ్ల ఊరి స్కూలు కూడా.

ఎండాకాలం మొదలవుతుండగా ఒక రోజు పొద్దున ఆ ఊరి నుంచి నలుగురైదుగురు పెద్దమనుషులు మా ఆఫీసుకు వచ్చారు. తెల్ల చొక్కాలు, భుజాన కండువాలు. గొడవకు వచ్చినవాళ్లలా లేరు, పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లలా మర్యాదగా కూర్చున్నారు. పెద్దాయన టీ తెప్పించారు. వాళ్లలో ఒకాయన సంచీలోంచి మా పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టారు. మగ్గాలు ఒక్కొక్కటీ మూలపడుతున్నాయని, ఉన్నవాళ్లు ఎలాగో నెట్టుకొస్తున్నారని చెప్పి, అప్పుడు అసలు సంగతికి వచ్చారు. నేతవాడంటే గొప్పలు చెప్పి కన్నకూతుర్ని షావుకారు గదిలో పెట్టేవాడా, రేపు పిల్లలకు మా గురించి తెలిసేది ఇదేనా అని అడిగారు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న న్యాయమైనదే. పెద్దాయన ఇబ్బందిగా కదిలి, ఇది మన దేశం కథ కాదండీ, ఎక్కడిదో పాత కథ, ఊరికే మన వైపు బట్టలు తొడిగాం అన్నారు.

"దేశం కాని దేశం కథయితే మా వీధి తలుపు ఎందుకేశారండి?" అన్నారు పుస్తకం తెచ్చినాయన.

అప్పుడు చెప్పారు. ఆ చిలకపచ్చ తలుపును ఊళ్లో పిల్లలు గుర్తుపట్టారట. ఆ ఇంటి పెద్దమనిషి వీధిలోకి వస్తే చాలు, గడ్డి బంగారం తాత అని వెనకాల పడి అరుస్తున్నారట. ఆయన టీకొట్టుకు వెళ్లడం కూడా మానేశాడట. ఆ మాట అంటూ వాళ్లు బెంచీ చివరికి చూశారు. అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న మనిషి ఒకరున్నారు అక్కడ. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. కళ్లజోడుకు ఒక పక్క దారం.

ఆఖరి పేజీలో గుమ్మం బయట నిలబడ్డ మనిషే. మా బొమ్మలమ్మాయి కూడా అప్పుడు ఆఫీసులోనే ఉంది. తర్వాతి పుస్తకం నమూనాలు ఇవ్వడానికి వచ్చి, ప్లైవుడ్ గోడ అవతల పేజీలు కట్టే ఆవిడ దగ్గర కూర్చుని ఉంది. అక్కడికి ఇక్కడి మాటలన్నీ వినబడతాయి.

ఆ పెద్దమనిషి చెయ్యి చాపి పుస్తకం తీసుకుని, తిన్నగా ఆఖరి పేజీ తెరిచారు.

"ఇందులో అబద్ధమేం లేదండి" అన్నారు, తన వాళ్లతో. మిగతావాళ్లు ఆయన్ని వారించబోయారు. ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు మా పాపతో మాట్లాడతారు కదా. నన్నిక్కడ బయట నిలబెట్టింది. లోపలికి రానిస్తుందా లేదా అన్నది ఒక్కటి అడిగి చెప్పండి. పుస్తకం సంగతి మీ ఇష్టం."

నేను లేచి ప్లైవుడ్ గోడ అవతలికి వెళ్లాను. ఆ అమ్మాయి కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. పేజీలు కట్టే ఆవిడ ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. విన్నావు కదా అన్నాను. విన్నానంది. అప్పుడు గొంతు పైకి రానివ్వకుండా నాకు చెప్పింది. ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న ఒక షావుకారు దగ్గర, మా పాప వేసే అంచు పెద్దవాళ్లు కూడా వేయలేరు అన్నాడట. షావుకారు ఆ అంచుతోనే పెళ్లి చీరలు కావాలన్నాడు. అంతటితో ఆమె బడి ఆగిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒకరోజు చెప్పకుండా బయల్దేరి విజయవాడ వచ్చేసింది.

"కొట్టలేదు మేడమ్. తిట్టలేదు. పొగిడాడు" అంది. "వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా పొగిడి పొగిడి కూర్చోబెట్టాడు. ఎలా కాదనాలో తెలియలేదు."

మరి ఆయనకు ఏం చెప్పమంటావు అని అడిగాను.

"నాకు తెలీదు. అక్కడి వరకే వెయ్యగలిగాను. తర్వాత ఏమవుతుందో తెలిస్తే వేసేదాన్ని కదా."

బయటికొచ్చి, ఇప్పుడే చెప్పలేనంటోందండి అన్నాను. ఆయన తల ఊపారు. ప్లైవుడ్ గోడ వైపు ఒకసారి చూశారు. ఆమె అక్కడే ఉందని అప్పుడే తెలిసి ఉంటుంది. వెళ్లి పిలవలేదు. సరేనమ్మా అని లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిపోయాక మిగతావాళ్లు కూడా టీ గ్లాసులు బల్ల కిందికి నెట్టి, ఆలోచించండి అని చెప్పి బయల్దేరారు.

మా పెద్దాయన చెడ్డ మనిషి కారు. ఆ మాట ముందే చెప్పాలి. ఆ రోజంతా ఆయన భోజనం కూడా సరిగ్గా చేయలేదు. సాయంత్రం నన్ను పిలిచి, మేడమ్, ఆ పెద్దమనిషి నోరు తెరిచి అడిగింది ఒక్కటే కదా, లోపలికి రానిద్దాం అన్నారు. మిగిలిన కాపీలు ఆపేసి, ఆఖరి పేజీ మార్చి మళ్లీ వేద్దామన్నారు. తలుపు రంగు మారుద్దాం, కళ్లజోడు తీసేద్దాం, తండ్రి లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చుంటాడు. ఊరివాళ్లకూ కోపం పోతుంది, ఆయన మనసూ కుదుటపడుతుంది. ఆ మాట చెబుతుంటే పెద్దాయన కళ్లలో నిజంగా నీళ్లు ఉన్నాయి.

నేను కాదన్నాను. ఆయన అడిగింది మనల్ని కాదండీ, కూతుర్ని, అన్నాను. ఆ ఒక్క వాక్యాన్నే అటూ ఇటూ మార్చి చాలాసేపు చెప్పాను. తలుపు రంగు మార్చడానికీ కళ్లజోడు తీసేయడానికీ నాకు అభ్యంతరం లేదనీ, ఊళ్లో పిల్లలు ఆయన వెనకాల పడకూడదనీ, కానీ ఆయన లోపలికి రావాలో వద్దో తేల్చడం మన పని కాదనీ చెప్పాను. పెద్దాయన శాంతంగా విన్నారు. మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు, ఇది పిల్లల పుస్తకం అన్నారు.

ఆ అమ్మాయిని కొత్త పేజీ వేయమని అడిగారు. ఆమె వెయ్యనంది. కోపంగా కాదు, చేతకాదన్నట్టే చెప్పింది. వేరే చిత్రకారుడు ఒకరు ఆమె గీతను బాగా అనుకరించి వేసిచ్చారు. ఆ పేజీకి మాటలు పెద్దాయనే రాశారు: నాన్న లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. అచ్చుతప్పులు లేవు. నేను చూశాను.

తర్వాతి పుస్తకం నమూనాలు ఆ అమ్మాయి వెనక్కి తీసుకుంది. గుంటూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరింది. మళ్లీ పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయలేదు. పేజీలు కట్టే ఆవిడ ఆమె కోసం చాలాకాలం ప్రార్థన చేసింది, అమ్మకాల కోసం కాదు.

కొత్త ముద్రణ వచ్చాక, మీరే స్వయంగా తీసుకెళ్లి ఆ పెద్దమనిషికి ఇచ్చి రండి అని పెద్దాయన కారిచ్చి పంపారు. నాకు వెళ్లాలని లేదు, అయినా వెళ్లాను. చిలకపచ్చ తలుపు, బొమ్మలో ఉన్నట్టే ఒక రెక్క తీసి ఉంది. లోపల వాళ్ల ఆవిడ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆయన మగ్గంలోంచి లేచి, చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నారు. ఆఖరి పేజీ తెరిచి వెలుతురు దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూశారు.

"ఇది మా పాప వెయ్యలేదు కదమ్మా" అన్నారు.

అబద్ధం చెప్పలేకపోయాను. మీకెలా తెలిసింది అని అడిగాను.

"నేను నవ్వితే ఎలా ఉంటానో పాపకి తెలీదండి. వేసినాయన ఎవరో గానీ బాగానే నవ్వించారు."

పుస్తకం మూసి, గూట్లో ఉన్న దేవుడి పటం పక్కన జాగ్రత్తగా పెట్టారు. వాళ్ల ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తిరిగి వస్తుంటే దారి పొడవునా పొలాల్లో యంత్రం కోసిన గడ్డి చుట్టలు చుట్టలుగా పడి ఉంది. ఆ రాత్రి ఉండబట్టలేక ఆ అమ్మాయికి ఫోను చేసి ఆయన అన్న మాట చెప్పాను. చెప్పడం మంచిదో కాదో ఇప్పటికీ తెలియదు. అంతా విని, ఉంటాను మేడమ్ అంది.

అక్కడి నుంచి కాలం గబగబా నడిచింది. నేను రిటైరయ్యాను. పెద్దాయన పోయారు. ఆయన కొడుకులు గైడ్లే నడుపుతున్నారు, బొమ్మల పుస్తకాలు కొత్తవి వేయరు, అమ్ముడయ్యేవి మాత్రం మళ్లీ మళ్లీ అచ్చేస్తారు. ఆ పుస్తకం వాటిలో ఒకటి. ప్రతి ఏడూ పుస్తకాల ప్రదర్శనలో కనబడుతుంది. నేను ఆ స్టాలు వైపు వెళ్లను.

ఈ మధ్య ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి మా వరండాలో కూర్చుని ఉంది. జుట్టులో అక్కడక్కడ తెల్లవెంట్రుకలు వచ్చాయి. చేతిలో చుట్టిన కాగితం. ఆఖరి పేజీ వేశాను మేడమ్ అంది. టీపాయి మీద పరిచాం. అదే ఇల్లు, అదే మగ్గం. తండ్రి గుమ్మంలో ఉన్నాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ముందుకు చాచిన చెయ్యి ఒకటి తలుపు రెక్క మీద ఉంది. లోపల కూతురు పని ఆపి తలెత్తి చూస్తోంది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. చాలాసార్లు ప్రయత్నించాననీ, అంతకంటే లోపలికి రావడం లేదనీ చెప్పింది.

ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్లి పెద్దాయన కొడుకులకు చూపించాం. మర్యాదగానే మాట్లాడారు. ఉన్న పుస్తకం చక్కగా పోతోంది, ఇప్పుడెందుకు మేడమ్ మార్చడం అన్నారు. పుస్తకంలో నాన్న లోపలే ఉన్నాడుగా అని కూడా అన్నారు. మెట్లు దిగుతూ ఆ అమ్మాయి నన్ను ఓదార్చింది. అచ్చు కోసం కాదులెండి, నాన్నకి చూపిద్దామనే వేశాను, పైవారం వెళ్తున్నాను అంది. ఇంటి నుంచి వచ్చేశాక అన్నేళ్లకు ఆమె వెళ్లడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

వెళ్లిన రోజు సాయంత్రం ఫోను చేసింది. గొంతు విని ఏదో అయిందనుకున్నాను. వాళ్ల నాన్నకు చూపు పోయిందట. నీటికాసులు, అంటే గ్లకోమా. మగ్గం గదిలో వెలుతురు చాలడం లేదనుకుని ఆయన ఎవరికీ చెప్పలేదు, తీరా చూపించేసరికి చేయడానికేమీ లేదన్నారట. కూతురికి చెప్పవద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నాడట. కిందటేడు వెళ్లి ఉంటే కాస్తయినా కనబడేదట. ఆ బొమ్మను ఆమె ఇంకాస్త ముందు వేసి ఉంటే, మేము ఆ రెండో ముద్రణ వేయకుండా ఉండి ఉంటే, ఆ రోజు ఆయన మెట్లు దిగుతుండగా ఈమె ఒక్కసారి బయటికొచ్చి ఉంటే. ఫోను పట్టుకుని అవన్నీ లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

"బొమ్మ చేతికిచ్చాను మేడమ్. వేళ్లతో తడిమి చూశాడు. నేనెక్కడున్నానమ్మా అని అడిగాడు" అంది. "లోపలే ఉన్నావు, మగ్గం పక్కన కూర్చుని తెగిన పోగు అతుకుతున్నావు అని చెప్పాను."

అమ్మ విన్నదా అని అడిగాను.

విన్నదంది. పక్కనే కూర్చుని బొమ్మ కూడా చూసిందట. చూసి, ఏమీ అనకుండా కండెలు చుట్టుకుంటూ కూర్చుందట.

"ఇప్పుడు బొమ్మ మార్చాలా మేడమ్, నాన్నకి చెప్పినట్టు?"

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరు ఏ బొమ్మ తెచ్చి చూపించినా ఇక్కడ దిద్దు, అక్కడ చెరుపు అని చెప్పడమే నా పని. ఆ సాయంత్రం మాత్రం, ఉండనీ అన్నాను. ఆమె అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది, వీధిలో సైకిల్ గంటలు వినబడుతున్నాయి.

"నాన్న పిలుస్తున్నాడు మేడమ్, లోపలికి వెళ్లాలి" అని ఫోను పెట్టేసింది.